మెటల్ డిటెక్టర్ కొంటున్నారా? ముందు చిన్న కాయిల్ బిగించండి

నంబర్ పెద్దదైతే చాలు, వస్తువు మంచిదని నమ్మేసే బ్యాచ్ మనది. కెమెరా అంటే మెగాపిక్సెల్, బ్యాటరీ అంటే ఎంఏహెచ్, ఛార్జర్ అంటే వాట్స్. ఫ్రెండ్స్‌తో వాదనలు కూడా వాటి మీదే. నేనూ ఆ బాపతే. అందుకే మెటల్ డిటెక్టర్ కొన్నప్పుడు నా చూపు ఒకే ఒక్క నంబర్ మీద పడింది. ఎంత లోతు?

నేను తీసుకున్నది మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 900. దాదాపు ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఖరీదు. డబ్బాలో రెండు సెర్చ్ కాయిల్స్ వస్తాయి, ఒకటి 11 అంగుళాలది, రెండోది 6 అంగుళాలది. అన్నం ప్లేటు, టీ సాసర్ అనుకోండి. ప్లేటు బిగించాను. సాసర్‌ను కవర్ కూడా చింపకుండా అల్మారాలో పడేశాను. ఎనిమిది నెలలు అది అక్కడే ఉంది. ఆ ఎనిమిది నెలలూ నా డిటెక్టర్‌ని సగమే వాడానని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ రోజు నేను చెప్పేది సూటిగా చెప్పేస్తా. మనలాంటి వాళ్లు తిరిగే చోట్లకి, అంటే పార్కులు, గ్రౌండ్లు, ఇళ్ల చుట్టూ ఉండే ఖాళీ జాగాలకి, మొదట బిగించాల్సింది చిన్న కాయిల్. లోతు టేబుల్ వేసి దాని ప్రకారం ర్యాంకులిచ్చే రివ్యూలు కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తున్నాయి. ఎందుకంటారా? దీని వెనక ఒక కమ్మ కథ ఉంది.

నేనుండేది అమెరికాలో, డాలస్ పక్కన. ఊరు వరంగల్, బీటెక్ ఈసీఈ, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మీలో ఈసీఈ వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మినీ ప్రాజెక్టు అనగానే సగం క్లాసు 555 టైమర్‌తో మెటల్ డిటెక్టర్ చేసేది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి రాగి తీగ, స్పీకరు, బ్రెడ్‌బోర్డు తెచ్చుకుని మేమూ చేశాం. మూడు సెంటీమీటర్ల దూరంలో కత్తెర పెడితే కూసేది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తన తాళంచెవి పెడితే మాత్రం కూయలేదు. ఆ అవమానం మనసులో ఉండిపోయింది కాబోలు, ఇక్కడికొచ్చి జీతం చేతిలో పడగానే అసలు సిసలు డిటెక్టర్ కొనుక్కున్నా. ఇక్కడ ఇది మామూలు హాబీ. శనివారం పొద్దున్నే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పార్కులో నేల ఊడుస్తున్నట్టు తిరిగేవాళ్లు కనిపిస్తూ ఉంటారు. పాత నాణేలు దొరుకుతాయి. 1965కి ముందువైన డైమ్‌లు, క్వార్టర్లలో 90 శాతం వెండి ఉంటుంది కాబట్టి వాటి కోసం ఆశ.

పోయిన బతుకమ్మ పండక్కి మా వైపు తెలుగువాళ్లంతా ఒక సిటీ పార్కులో చేరాం. తంగేడు దొరక్క బంతి, చామంతులతో పేర్చారు. పులిహోర, పెరుగన్నం, సత్తుపిండి, అన్నీ పెద్ద పెద్ద అల్యూమినియం ట్రేలలో వచ్చాయి. ఈ ట్రేల సంగతి మర్చిపోకండి, తర్వాత పనికొస్తుంది. రాత్రి పదింటికి ఫ్రెండ్ ఫోన్. వాళ్లమ్మ చెవి కమ్మ ఒకటి పోయింది. ఆట ఆడేటప్పుడు మర ఊడి ఎక్కడో పడింది. ఆంటీ ఆదిలాబాద్ వైపు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, గురువారం తిరుగు ప్రయాణం.

ఫోన్ ఆంటీ తీసుకున్నారు. "బిడ్డా, గవి మా అత్తమ్మ పెట్టిన కమ్మలు. నలభై ఏండ్ల సంది తీసింది లేదు. ఒక్క చెవుకు పెట్టుకొని ఊరికెట్ల పోతా?"

"దొరుకుతుంది ఆంటీ, నా దగ్గర మిషన్ ఉంది" అన్నాను. ఎంత ధైర్యమో చూడండి.

ఒక మాట. ఇక్కడ ఎక్కడ పడితే అక్కడ డిటెక్టర్ ఊపితే కుదరదు. నేషనల్ పార్కుల్లోకి డిటెక్టర్ తేవడమే నేరం. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులను 1979 నాటి చట్టం కాపాడుతుంది. సిటీ పార్కులకు ఏ సిటీ రూల్ దానిదే. నేను మా పార్కుల శాఖకు ముందే మెయిల్ పెట్టి అడిగి ఉంచుకున్నాను. పారతో తవ్వకూడదు, స్క్రూడ్రైవర్ లాంటి చిన్న పనిముట్టు చాలు, గడ్డి పాడు చేయొద్దు అన్నారు.

ఆదివారం పొద్దున ఏడింటికి దిగాను. మొదట రెండో కమ్మ అడిగి తీసుకున్నాను. ఇది అందరూ చేయాల్సిన పని. పోయిన వస్తువుకు జత ఉంటే దాన్ని గడ్డిలో పెట్టి, కాయిల్ ఊపి, స్క్రీన్ మీద ఏ నంబర్ వస్తోందో చూసుకోవాలి. కమ్మ 14 దగ్గర ఊగింది. అరచేతిలో రాసుకున్నా. తర్వాత పక్కనే పడున్న ట్రే ముక్క ఒకటి ఊపి చూశా. అదీ అటూ ఇటూగా అంతే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డిటెక్టర్‌కి బంగారం, అల్యూమినియం అని పేర్లు తెలియవు. పైన ఒక తీగచుట్ట మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోపలున్న లోహంలో చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటి నుంచి తిరిగొచ్చే క్షేత్రాన్ని ఇంకో చుట్ట పట్టుకుంటుంది. తిరిగొచ్చింది ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఒక నంబర్ ఇస్తుంది. ఆ ఆలస్యం లోహం ఏమిటన్న దాని మీదే కాక దాని సైజు, మందం, ఆకారం మీద కూడా ఆధారపడుతుంది. కాబట్టి పల్చటి చిన్న బంగారు వస్తువు, నలిగిన ఫాయిల్ ముక్క ఒకే నంబర్ ఇస్తాయి. ఉంగరాలైతే కూల్‌డ్రింక్ టిన్ను మీద లాగే రింగు నంబర్లలో వస్తాయి. చెత్త విసిగిస్తోందని ఫాయిల్ నంబర్లను మ్యూట్ చేశామనుకోండి, బంగారాన్ని కూడా మ్యూట్ చేసినట్టే. అంటే ప్రతి కూతా వినాలి. తప్పదు.

నాలుగు గంటలు విన్నాను. ఆడవాళ్లు తిరిగిన వలయం సుమారు పన్నెండు మీటర్ల వెడల్పు ఉంటుంది. ఒక పక్క పార్కు పెవిలియన్, కాంక్రీటు గచ్చు, ఇనుప స్తంభాలు. ఫుడ్ అంతా పెట్టింది అక్కడే. ఆ అంచుకి వెళ్లేసరికి 11 అంగుళాల కాయిల్ ఆగకుండా కూస్తోంది. గచ్చులోని ఇనుప ఊచలకు ఒక కూత, సీసా మూతలకు ఒక కూత, ఫాయిల్‌కి ఒక కూత, ఎప్పుడో ఎవరో టెంటుకు కొట్టి వదిలేసిన మేకుకి ఇంకో కూత. నంబర్లు ఒక్క చోట నిలవడం లేదు. 9 నుంచి 31కి, అక్కడి నుంచి మైనస్‌కి. పదకొండింటికి ఎండెక్కింది. సంచీలో చెత్త నిండింది. కమ్మ లేదు. మంచినీళ్ల సీసా పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఆంటీ ఏమీ అడగలేదు. అదే ఎక్కువ బాధేసింది.

ఆ మధ్యాహ్నం కసిగా ఒక పని చేశాను. పెవిలియన్ అంచున తాడుతో ఒక చదరపు మీటరు గీసుకుని, అందులో గడ్డి పైన, గడ్డి మొదట్లో ఉన్న లోహపు ముక్కలన్నీ చేత్తో ఏరాను. 41 వచ్చాయి. మనవాళ్ల పండగ ఒక్కదానివే కావవి, ఏళ్ల తరబడి జరిగిన బర్త్‌డే పార్టీలన్నీ ఉన్నాయందులో. కానీ పైపైనున్న తాజా ఫాయిల్ మాత్రం నిస్సందేహంగా మన సద్దులదే.

రాత్రి ల్యాప్‌టాప్ తీసి లెక్క వేశా. చాలా చిన్న లెక్క, మీరూ వేసుకోవచ్చు. 11 అంగుళాల కాయిల్ అంటే 28 సెంటీమీటర్ల వ్యాసం, వైశాల్యం 616 చదరపు సెంటీమీటర్లు. 6 అంగుళాలది 15 సెంటీమీటర్లు, వైశాల్యం 177. మూడున్నర రెట్ల తేడా. చదరపు మీటరుకు 41 ముక్కలున్న చోట పెద్ద కాయిల్ కింద ఏ క్షణంలో చూసినా సగటున రెండున్నర ముక్కలుంటాయి. చిన్న కాయిల్ కింద ముప్పావు. అంటే పెద్దది ఎప్పుడూ రెండు మూడు వస్తువుల గోలను కలిపి వింటోంది. చిన్నది ఎక్కువసార్లు ఒక్కదాన్నే వింటోంది, లేదా ఏమీ వినడం లేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రెండు సిగ్నల్స్ ఒకే వైరులో కలిసిపోయి వచ్చాక, ఏది ఎంత అని విడదీయడం ఎంత మంచి ప్రాసెసర్‌కైనా కష్టమే. ఇప్పటి డిటెక్టర్లలో రికవరీ స్పీడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఒక సిగ్నల్ నుంచి తేరుకుని రెండోది ఎంత త్వరగా వింటుందో దాన్ని బట్టి ఉంటుంది. మంచి ఫీచరే. కానీ రెండు ముక్కలూ ఒకేసారి కాయిల్ కింద ఉంటే అదేం చేస్తుంది పాపం. అందులోనూ ఇనుము పక్కన పడ్డ బంగారం మరీ అన్యాయమైపోతుంది. ఇనుము కూత పెద్దది, దాని నీడలో చిన్న కమ్మ కూత కనపడదు. హాబీలో దీన్నే మాస్కింగ్ అంటారు. వాళ్లు ఇరవైసార్లు వెతికిన పార్కులో ఇంకొకళ్లకి ఉంగరం దొరకడానికి సగం కారణం ఇదే.

ఇంకో లెక్క సెన్సిటివిటీది. గుండ్రటి తీగచుట్ట ఫార్ములా ఇంటర్మీడియట్‌లో చదివిందే. రెండు కాయిల్స్‌కీ చుట్లు, కరెంటు సమానం అనుకుని, పంపడం, వినడం రెండూ కలిపి చూశా. 2 సెంటీమీటర్ల దూరంలో చిన్న కాయిల్‌కి మూడు రెట్లు బలమైన సిగ్నల్ వస్తుంది. 7 సెంటీమీటర్ల దగ్గర రెండూ సమానం. 20 సెంటీమీటర్లకు వెళ్తే పెద్దది ఐదున్నర రెట్లు ముందుంటుంది. నిజం కాయిల్స్ ఇంత సింపుల్‌గా ఉండవు, రెండు డీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు చుట్టి ఉంటాయి, కాబట్టి ఈ అంకెలు అచ్చంగా ఇలాగే ఉంటాయని కాదు. కానీ ధోరణి మాత్రం అదే. దగ్గరగా చిన్నది రాజు, దూరంగా పెద్దది రాజు.

ఇప్పుడు మీరే చెప్పండి. నిన్న రాత్రి పడిన కమ్మ ఎంత లోతులో ఉంటుంది? గడ్డిలోనే ఉంటుంది. నేను 20 సెంటీమీటర్ల లోతు కోసం తయారైన కాయిల్ పట్టుకుని 3 సెంటీమీటర్లలో ఉన్న వస్తువు కోసం వెతుకుతున్నా. మొబైల్ భాషలో అయితే, ఎదురుగా టేబుల్ మీదున్న బిల్లుని జూమ్ లెన్స్‌తో ఫోటో తీస్తున్నట్టు.

సోమవారం ఆఫీసు అవగానే సాసర్ కవర్ చింపాను. మార్చడానికి రెండు నిమిషాలు. నట్టు విప్పి, కేబుల్ మార్చి, నాయిస్ క్యాన్సిల్ నొక్కి, గ్రౌండ్ బ్యాలెన్స్ చేశా. చేతిలో బరువు తగ్గింది, అది మొదటి సుఖం. రెండో సంగతి, పార్కు అదే, నేను అదే, మిషన్ అదే, కానీ శబ్దం మారిపోయింది. ఆగకుండా వచ్చిన గోల స్థానంలో విడివిడిగా టిక్, టిక్ అని వస్తోంది. మధ్యలో నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దం విలువ పెద్ద కాయిల్‌తో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. నిన్న స్తంభానికి అడుగున్నర దూరంలోనే మిషన్ అరిచేది. ఇప్పుడు జానెడు దూరం దాకా వెళ్లగలుగుతున్నా.

అయితే ఓపిక కావాలి. ఒక్క ఊపుకి కవరయ్యేది కొంచెమే. తాడు కట్టి వరసలు చేసుకుని, ఒక వరస అంచుని ఇంకో వరస కప్పేలా, కాయిల్‌ని గడ్డికి ఆనించి మెల్లగా నడవాలి. సోమవారం చీకటి పడేసరికి సగం కూడా కాలేదు. మంగళవారం మళ్లీ వెళ్లా. ఈసారి ఆంటీ కూడా వచ్చారు, చేతికి పని లేకుండా కూర్చోవడం ఇష్టం లేక నేను చూపించిన ఫాయిల్ ముక్కలు ఏరి సంచీలో వేస్తూ నడిచారు.

డాలస్ చుట్టుపక్కల నేల నల్ల బంకమన్ను. వానకి ఉబ్బుతుంది, ఎండకి పగుళ్లిస్తుంది. ఆంటీ మొదటి రోజే గుర్తుపట్టారు. "మా పత్తి చేను నేల లెక్కనే ఉన్నది బిడ్డా, నెర్రెలు చూడు" అన్నారు. నేను పట్టించుకోలేదు. ఆరున్నరకి, గచ్చు అంచుకి రెండు జానల దూరంలో, 13, 14, మళ్లీ 14. కాయిల్ తిప్పి అడ్డంగా ఊపినా 14. పక్కనే సీసా మూత కూత వేరుగా, స్పష్టంగా వినబడుతోంది. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే గడ్డిలో ఏమీ లేదు. పిన్‌పాయింటర్ పెడితే నేలలోకి చూపిస్తోంది. గడ్డి పక్కకి తోస్తే వేలు పట్టేంత పగులు. ఫోన్ టార్చ్ వేస్తే మూడు సెంటీమీటర్ల కింద మట్టిలో పసుపు రంగు మెరిసింది. తవ్వాల్సిన పనే లేకపోయింది, స్క్రూడ్రైవర్ మొనతో లాగాను.

ఆదివారం అదే చోట మీదుగా నేను కనీసం ఆరుసార్లు నడిచుంటా.

ఆంటీ కమ్మని కొంగుతో తుడిచి అక్కడే పెట్టుకున్నారు. మర మాత్రం దొరకలేదు. ఆ మర సైజుకి 6 అంగుళాల కాయిల్ కూడా చేతులెత్తేసింది. దారం చుట్టుకుని విమానం ఎక్కారు.

ఒక్క సంఘటనతో సిద్ధాంతం చెప్తున్నాడు అనుకుంటారేమో. అందుకే తర్వాత ఇంట్లో పరీక్ష పెట్టాను. మీరు డిటెక్టర్ కొనబోతుంటే, షాపులోనో ఫ్రెండ్ దగ్గరో ఇదే చేయండి. ఒక అట్టముక్క మీద రెండంగుళాల ఇనుప మేకులు నాలుగు అంటించండి. మధ్యలో ఒక నాణెం పెట్టండి. ఇండియాలో ఉంటే ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు వద్దు, అవి స్టెయిన్‌లెస్ స్టీలువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. అంటుకోని బిళ్ల ఏదైనా తీసుకోండి. కాయిల్‌ని నాలుగు వైపుల నుంచీ ఊపి, ఎన్ని దిక్కుల్లో నాణెం కూత వినిపిస్తుందో రాసుకోండి. నా ఈక్వినాక్స్ మీద 11 అంగుళాలది ఎనిమిది దిక్కుల్లో మూడింటిలో పట్టింది. 6 అంగుళాలది ఏడింటిలో పట్టింది. సెట్టింగ్స్ ఏమీ మార్చలేదు. గాలిలో నాణెం పట్టుకుని ఎంత దూరం నుంచి కూసిందో చూపించే రివ్యూ వీడియోలకి, ఈ అట్టముక్క పరీక్షకి నేలకీ ఆకాశానికీ ఉన్నంత తేడా. నేలలో మీ నాణెం ఒంటరిగా ఉండదు కదా.

రివ్యూలు రాసేవాళ్ల కష్టం నాకు తెలుసు. లోతు అయితే టేపు పెట్టి కొలవచ్చు, టేబుల్ చేయొచ్చు, థంబ్‌నెయిల్ మీద వేయొచ్చు. పక్కపక్కనున్న రెండు వస్తువులని విడదీసి వినడం కొలవడం విసుగు. అలాగని కొలవడం తేలికైన దాన్నే ముఖ్యమైనదిగా చూపిస్తే ఎలా? ఫోన్ల విషయంలో మనం ఎప్పుడో నేర్చుకున్నాం, మెగాపిక్సెల్ చూసి కెమెరా కొనొద్దని.

చిన్న కాయిల్ పనికిరాని చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. దున్నిన పెద్ద పొలం, ఖాళీ మైదానం, బీచ్‌లో పొడి ఇసుక, ఇలాంటి చోట చెత్త తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. అక్కడ సాసర్ పట్టుకుని తిరిగితే సాయంత్రానికి నడుం విరుగుతుంది, కవరయ్యేది ఒక మూల. బాగా లోతుగా దిగిపోయిన పాత నాణేలకి కూడా పెద్దదే. చుట్టూ ఏ చెత్తా లేకపోతే నా దగ్గర 11 అంగుళాలది తేలిగ్గా ముందుంటుంది. మధ్యలో 9 అంగుళాలవి, పొడుగ్గా కోడిగుడ్డు ఆకారంలో 5 బై 8 అంగుళాలవి కూడా కొన్ని కంపెనీలు చేస్తాయి. ఒకటే కొనగలిగితే ఆ మధ్య సైజు మంచి రాజీ. కానీ 15 అంగుళాలది అదనంగా కొందామా అని అడిగేవాళ్లకి నా జవాబు వద్దు అనే. మీ పార్కులో దానికి పని లేదు.

కాయిల్ విడిగా కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఛార్జర్‌లా ఏదైనా దేనికైనా పెట్టేయొచ్చు అనుకోకండి. ప్రతి డిటెక్టర్ సర్క్యూట్ తన కాయిల్ ఇండక్టెన్స్‌కి తగ్గట్టు ట్యూన్ అయి ఉంటుంది. కంపెనీ మారితే పట్టదు, ఒకే కంపెనీలో సిరీస్ మారినా పట్టకపోవచ్చు. ఈక్వినాక్స్ సిరీస్‌లో 600, 700, 800, 900 నాలుగింటికీ అవే కాయిల్స్ పనిచేస్తాయి, అందుకే సెకండ్ హ్యాండ్‌లో కూడా వెతుక్కోవచ్చు. ఇంట్లో సొంతంగా పల్స్ ఇండక్షన్ కిట్ చేసుకునే స్టూడెంట్స్ అయితే, మొదటి కాయిల్ 15 సెంటీమీటర్లకే చుట్టండి. తీగ తక్కువ పడుతుంది, టెస్టింగ్ టేబుల్ మీదే అయిపోతుంది, మా ఎగ్జామినర్ తాళంచెవి లాంటి పరువు సమస్యలు రావు.

లోతు పిచ్చికి మన దగ్గర ఇంకో ముఖం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. నేను డిటెక్టర్ కొన్నానని తెలిసిన దగ్గర్నుంచి ఊరి నుంచి వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, యాభై అడుగుల లోతు చూసేది దొరుకుతదా?" గుప్తనిధుల గొడవ. యాభై అడుగుల కింద బిందె చూపిస్తామంటూ రెండు యాంటెన్నా కడ్డీలున్న బొమ్మ మిషన్లు లక్షల్లో అమ్ముతున్నారు. పైన చెప్పిన లెక్క ఇంకాస్త ముందుకు తీసుకెళ్లండి. కాయిల్ సైజు దాటి దూరం వెళ్లేకొద్దీ తిరిగొచ్చే సిగ్నల్ దూరానికి ఆరో ఘాతంలో పడిపోతుంది. దూరం రెట్టింపైతే సిగ్నల్ 64వ వంతు. చేత్తో పట్టుకునే కాయిల్‌తో యాభై అడుగులు అనేది ఎవరు చెప్పినా అబద్ధమే. ఇలాంటి కడ్డీ మిషన్నే బాంబు డిటెక్టర్ అని ఇరాక్‌కి అమ్మిన బ్రిటన్ వ్యాపారి జేమ్స్ మెకార్మిక్‌కి 2013లో పదేళ్ల జైలు పడింది. దాని పేరు ఏడీఈ 651. లోపల పనిచేసే ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు.

నిజంగా పనిచేసే డిటెక్టర్ ఉన్నా సరే, కోటల్లో, పాత గుళ్ల దగ్గర ఊపకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇంకా అమల్లోనే ఉంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయలకు మించింది దొరికితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. రక్షిత కట్టడాలకి 1958 నాటి చట్టం వేరే ఉంది. చట్టం సంగతి అటుంచినా, తవ్వి తీసేసిన వస్తువు ఏ పొరలో ఉందో ఇంకెవరికీ తెలిసే దారి ఉండదు. ఇండియాలో ఈ మిషన్‌తో చేయదగ్గ మంచి పని నాకైతే ఒకటే కనిపిస్తోంది. మన పొలంలోనో, పెరట్లోనో, పెళ్లి జరిగిన ఫంక్షన్ హాల్ లాన్‌లోనో, వాళ్ల అనుమతితో, పోయిన వస్తువు వెతికిపెట్టడం. దానికి కావాల్సింది చిన్న కాయిలే.

ఇప్పుడు నా మిషన్‌కి 6 అంగుళాలది బిగించే ఉంటుంది. రెండోది అవసరమైతేనే బయటికి వస్తుంది. ఆ అవసరం రేపు పడింది లెండి. మా క్రికెట్ టీమ్‌లో ఒకతని కారు తాళం అవుట్‌ఫీల్డ్‌లో ఎక్కడో జారిపోయింది. తాళం పెద్దది, గ్రౌండ్ పెద్దది, చెత్త లేదు. పొద్దున్నే ఆరింటికి 11 అంగుళాలది పట్టుకుని వెళ్తున్నా.